ఎవరూ ముట్టని పిండి

శకుంతలమ్మ సంఘాన్ని చంపింది మీరే. అవును, మిమ్మల్నే అనేది. మగవాడి సంతకం లేదని మూడుసార్లు ఆమె చేత బ్యాంకు మెట్లు దిగించిన మేనేజరు గారూ, మీరు. పదింటికి వస్తానని మూడింటికి వచ్చి, ఐదు నిమిషాల్లో పదిహేను ఇళ్ళ కూటి మీద గీత గీసిపోయిన చిత్తూరు ఆఫీసరు గారూ, మీరు. చెల్లెలు నమ్మి చెప్పిన మాటను షావుకారి చెవిలో ఊదిన హెడ్ క్లర్కు సంపత్కుమారూ, నువ్వు. మీ ముగ్గురివీ వేరువేరు కుర్చీలు. చేసిన పని మాత్రం ఒకటే.

అయితే మిమ్మల్ని తిట్టి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగం తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో, మీ సంపత్కుమార్ చెల్లెలు పెరుందేవి ఇంట్లో ఉంది. ఆ సగం సంగతి ఆమెకు తెలుసు. తెలిసే ఇప్పటికీ ఆమెకు అన్నం సరిగ్గా దిగదు.

పెరుందేవి మొగుడు శఠగోపం గుడిలో వైష్ణవుల గోష్ఠిలో నిలబడి ఆళ్వార్ల పాశురాలు చెప్పేవాడు. ఇంత సంభావన, ఇంత ప్రసాదం. ఆ వీధిలో చాలామంది బతుకు అంతే. ఆ వీధి దాటి పేరు పోయింది మాత్రం పెరుందేవి చేతి నల్లేరు అప్పడానికి. కంచెల మీద పాకే నల్లేరు కాడల్ని కోసి, దంచి, రసం తీసి మినప్పిండిలో కలపాలి. ఆ ముద్దను నూనె రాసిన రోకలితో గంటసేపు దంచాలి. రసం తగ్గితే అప్పడం పొంగదు. ఎక్కువైతే తిన్నవాడి నాలుక దురద పెడుతుంది. ఆ కొలత పెరుందేవికి అత్త చెప్పింది, అత్తకు ఆమె అత్త చెప్పింది. కోడలికి తప్ప కన్నకూతురికి కూడా చెప్పరు. పెరుందేవికి కొడుకులు లేరు కాబట్టి కోడలూ లేదు. కొలత ఆమె దగ్గరే నిలిచిపోయింది.

శకుంతలమ్మది అదే ఊళ్ళో కొర్లగుంట వాడ. మొగుడు లారీ కింద పోయాడు. ఒక్క కూతురు. పెరుందేవి దగ్గర అప్పడాలు తీసుకుని గంపలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. ఎనభై ఒకటిలో, చలికాలం పోతూ ఉండగా, రైల్వే స్టేషను దగ్గరి ఒక పెద్ద సత్రం మేనేజరు ఆ అప్పడం కొరికి చూసి, "రోజూ ఐదొందలు ఇయ్యగలవా?" అన్నాడట. ఇంకొకతె అయితే నవ్వి వచ్చేసేది. శకుంతలమ్మ "ఇస్తా సామీ" అని చెప్పి, నేరుగా పెరుందేవి అరుగు మీదికి వచ్చి గంప దించింది. ఆ వీధి ఆడవాళ్ళను బయటివాళ్ళు మామీ అనే పిలిచేవాళ్ళు.

"మామీ, మన పంట పండింది."

"ఐదొందలా? నా ఒక్క చేత్తోనా? పిచ్చి పట్టిందా నీకు?"

"ఒక్క చెయ్యెందుకు? మా కొర్లగుంటలో చేతులకేం కరువా? మీతో కలిపి పదిహేనుమంది ఆడోళ్ళం సంఘం పెడతాం. పిండి, షెడ్డు, ఎండబెట్టే తట్టలు, అన్నిటికీ బ్యాంకోళ్ళు అప్పిస్తారంట. ఆడోళ్ళకు ఇయ్యమని గవర్మెంటే చెప్పిందంట."

గవర్నమెంటు చెప్పిన మాట నిజమే. చెప్పినవాళ్ళు ఢిల్లీలో ఉన్నారు, తిరుపతి బ్యాంకులో లేరు. శకుంతలమ్మ మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి జరిగింది ఆమె పెరుందేవికి అభినయించి మరీ చూపించింది.

"మొగోడు యాడమ్మా అన్నాడు. సచ్చిపోయినాడు సార్ అన్నా. కొడుకు? కూతురు సార్. అన్నో తమ్ముడో? ఉండాడు సార్, నా కమ్మలు కుదవ పెట్టి తాగేసినాడు, వాణ్ణి పిలుచుకొచ్చేదా అన్నా. పకపకా నవ్వినారు మామీ లోపలున్నోళ్ళంతా. మీ అన్న కూడా."

పెరుందేవి నవ్వలేదు. మర్నాడు అన్న ఇంటికి వెళ్ళింది. సంపత్కుమార్ ఆ బ్యాంకులో హెడ్ క్లర్కు. ఆయన మేనేజరుతో మాట్లాడాడు. దారి ఒకటి తేలింది. పెరుందేవి అధ్యక్షురాలిగా ఉండాలి. హామీ సంతకం సంపత్కుమార్ పెడతాడు. అయితే చిత్తూరునుంచి పరిశ్రమల ఆఫీసరు వచ్చి, పదిహేనుమందీ ఒకేచోట కూర్చుని పని చేస్తూ ఉండగా కళ్ళారా చూసి రాసిన తర్వాతే.

చూశారా? పదిహేనుమంది ఆడవాళ్ళ కష్టానికి విలువ లేదు. వాళ్ళలో ఒకామెకు బ్యాంకులో అన్న ఉంటే అప్పుడు విలువ వచ్చింది. ఆ అన్న లేని పదిహేనుమంది ఈ జిల్లాలో ఎన్ని ఊళ్ళలో ఉన్నారో ఎవరు చూశారు?

అప్పు వచ్చేలోపల పని మొదలు పెట్టారు. కానీ పెరుందేవికి మడి ఉంది. తడిబట్ట కట్టుకుని, ఎవరినీ తాకకుండా పిండి కలపాలి. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. పిండి ఆమె ఇంటి లోపల. తక్కినవాళ్ళు బయట అరుగు మీద. దంచిన పిండిని పెరుందేవి ఉండలు చేసి, గడపలో నిలబడి, ఒక్కొక్కరి పళ్ళెంలో పైనుంచి వదిలేది. వాళ్ళు తీసుకెళ్ళి, ఒత్తి, నీడన ఆరబెట్టి సత్రానికి వేసేవాళ్ళు.

ఉండ పళ్ళెంలో టప్పుమని పడేది. ఆ పద్నాలుగుమందిలో ఒక్కతే దాని గురించి నోరు తెరిచింది. ఆమె పేరు దేవకమ్మ. అలిపిరి రోడ్డు కంచెల్లో నల్లేరు కోసుకొచ్చే పని ఆమెది. ఎంత నూనె పూసుకున్నా మోచేతుల దాకా దద్దుర్లు, గోకుడు.

"ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు మామీ. నేను కోసిన నల్లేరు మీ రోట్లోకి పోతాది గదా?"

"కడిగి వేస్తాను కదమ్మా."

"అయితే నా చెయ్యి కూడా కడుక్కుంటా. అప్పుడు రోట్లోకి రానిస్తారా?"

అందరూ నవ్వారు. పెరుందేవి కూడా నవ్వినట్టు చేసి లోపలికి వెళ్ళిపోయింది. శకుంతలమ్మ దేవకమ్మను గిల్లి, "నోరు మూసుకో యే, పని కావాల మనకు," అంది. అలా నోరు మూయించినందుకు శకుంతలమ్మ తర్వాత చాలా ఏడ్చింది. ఆ రోజే తేల్చుకుని ఉంటే బాగుండేది.

ఆఫీసరు వచ్చే రోజు ఖరారైంది. చైత్రం పోయి వైశాఖం, నిప్పులు చెరిగే కత్తిరి ఎండలు. గురువారం పది గంటలకు. కొర్లగుంటలో మూతబడిన బియ్యం మిల్లు షెడ్డును శకుంతలమ్మ ఆ నెలకు మాట్లాడుకుంది. రేకుల కప్పు. ఊడ్చి, పేడతో అలికి, పీటలు, కర్రలు వరసగా పెట్టారు. పెరుందేవి కూడా వస్తానంది. దేవుడి మీద ఒట్టు పెట్టి మరీ అంది. శఠగోపం అడ్డు చెప్పలేదు. అరిచే మనిషి కాదు.

"పోతే పో. నాలుగు రూపాయలు వస్తే చేదా? గోష్ఠిలో పెద్దవాళ్ళు ఏమన్నా అంటే అప్పుడు చూద్దాం," అన్నాడు.

ఆఖరి మాట ఆయన ఊరికే అన్నాడు. ఆమె మనసులో అదే ముల్లులా గుచ్చుకుంది.

గురువారం తెల్లవారుజామునే లేచి, తలస్నానం చేసి, మడి కట్టుకుని రెట్టింపు పిండి కలిపి దంచింది. ఉండలు చేయలేదు. ఆఫీసరు మొదటినుంచీ చూడాలి కదా, అక్కడే చేద్దామనుకుంది. పిండిని పెద్ద ఇత్తడి గంగాళంలో పెట్టి, తడిగుడ్డ కప్పి, రిక్షా మునెయ్యను పిలిచి, తాళ్ళతో ఎత్తించి పంపింది.

"మునెయ్యా, షెడ్డులో పీట మీద దించు. ఎవ్వరూ ముట్టుకోవద్దని చెప్పు. పది లోపల నేనే వచ్చి నా చేత్తో ఉండలు చేసి ఇస్తాను."

ఈ మాటను బాగా వినండి. ఆ పూట అందరి కొంపా ముంచింది ఈ మాటే.

మునెయ్య వెళ్ళాడు. పెరుందేవి చీర మార్చుకుని, చేతిసంచి తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి అరుగు మీద గోష్ఠి పెద్దలు ఇద్దరు కూర్చుని ఉన్నారు. శఠగోపంతో ఏదో ఉత్సవం తిథి గురించి మాట్లాడుతున్నారు. ఒకాయన పంచాంగం తీశాడు. ఆమె తలుపు వెనకే ఆగింది. వీళ్ళు లేచాక వెళదామనుకుంది. వాళ్ళు మంచినీళ్ళు అడిగారు, ఇచ్చింది. కాఫీ అడగలేదు, అయినా ఇచ్చింది. తొందరగా తాగి వెళ్ళిపోతారని. వాళ్ళు తీరిగ్గా తాగి, కంచి గుడి సంగతులు ఎత్తుకున్నారు. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. చెప్పులేసుకుని, సంచి పట్టుకుని, ఆ ఇద్దరు ముసలివాళ్ళ ముందునుంచి మూడడుగులు నడిస్తే వీధి. "యాడికమ్మా?" అని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? కొర్లగుంట షెడ్డులో అందరితో కలిసి పిండి పిసకడానికనా?

ఎవరూ ఆమెను ఆపలేదు. మొగుడు ఆపలేదు, ఆ ముసలివాళ్ళకైతే సంగతే తెలియదు. తలుపు తీసే ఉంది. ఆ తర్వాత ఎన్నో రాత్రులు ఆమెను కాల్చింది అదే. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే వాళ్ళను తిట్టుకునైనా బతికేది.

వాళ్ళు లేచేసరికి పన్నెండు దాటింది. ఆఫీసరు పదింటికే వచ్చి వెళ్ళిపోయి ఉంటాడు, శకుంతలమ్మ ఎలాగో సర్దుకుని ఉంటుంది, ఇప్పుడు వెళ్ళి ఏం మొహం చూపించాలి అనుకుని సంచి మేకుకు తగిలించింది. ఆఫీసరు అప్పటికి చిత్తూరులో జీపు కూడా ఎక్కలేదు.

అక్కడ షెడ్డులో పద్నాలుగుమంది కూర్చుని ఉన్నారు. నడుమ పీట మీద గంగాళం. పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. పదిన్నరకు తడిగుడ్డ ఆరిపోయింది. దేవకమ్మ లేచింది.

"అక్కా, పిండి గట్టిపడతాది. నీళ్ళన్నా చిలకరిస్తాం."

"వద్దు. ముట్టుకోవద్దని చెప్పి పంపించింది గదా. ముట్టుకుంటే ఆ గంగాళం మళ్ళీ ఇంట్లోకి రానీదు. ఆమె మనసు ఇరిగితే సంఘమే ఉండదు. వస్తాది, కూర్సో," అంది శకుంతలమ్మ.

కూర్చున్నారు. పదకొండు, పన్నెండు, ఒకటి. చంటిపిల్లలు ఏడ్చి నిద్రపోయారు. అన్నాలకు ఎవరూ లేవలేదు, లేచిన వేళకే ఆఫీసరు వస్తాడేమోనని. రెండింటికి గంగాళంలోంచి పులిసిన వాసన వచ్చింది. అయినా ఎవరూ ముట్టుకోలేదు. ఎంత మర్యాద చూడండి! ఎదుటి మనిషి మడి చెడకూడదని తమ కూడు చెడగొట్టుకున్నారు.

మూడింటికి జీపు వచ్చింది. ఆఫీసరు గడపలోనే నిలబడి చూశాడు. వరసగా పీటలు, వరసగా కర్రలు, చేతులు కట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, నడుమ గుడ్డ కప్పిన గంగాళం.

"ఏంది, పూజా ఏమన్నా?" అన్నాడు.

"లేద్ సార్, అప్పడాల సంఘం సార్."

"మరి అప్పడాలు యాడ?"

శకుంతలమ్మ గుడ్డ లాగింది. అప్పటికి మడి గురించి ఆలోచించే స్థితిలో లేదు. పిండి పైన పగిలి పెంకు కట్టింది. వేలు పెడితే దిగలేదు. ఆఫీసరు నవ్వాడు. తలలు లెక్కపెట్టాడు. పద్నాలుగు. అధ్యక్షురాలు ఏది అన్నాడు. కాగితం మీద "పని జరగడం లేదు, అధ్యక్షురాలు లేదు, సభ్యులు చాలరు" అని రాసి జీపెక్కాడు. ఐదు గంటలు ఎవరి వల్ల ఆలస్యమైందో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సాయంత్రం మునెయ్య గంగాళాన్ని తెచ్చి అరుగు మీద దించాడు. "పిండి అట్లనే ఉండాదమ్మా. ఎవురూ సెయ్యి పెట్టలా. మీరు సెప్పినారు గదా," అన్నాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు, పాపం. పెరుందేవి ఆ రాయిలాంటి ముద్ద మీద మళ్ళీ గుడ్డ కప్పి గడపలోనే కూర్చుంది.

మర్నాడు అన్న దగ్గరికి పరుగెత్తింది. ఇంకొక్కసారి ఆఫీసరును పిలిపించమంది. సంపత్కుమార్ తాపీగా ముక్కుపొడి పీల్చి అన్నాడు.

"పోనీలేవే. నువ్వు ఆ షెడ్డుకు పోకపోవడమే మంచిదైంది. నేను సంతకం పెట్టి, రేపు ఆ ఆడవాళ్ళు కట్టకపోతే?"

"సత్రం ఆర్డరు ఉంది కదా అన్నా."

"దానికేం, ఎవరో ఒకరు వేస్తారు."

ఆ ఎవరో ఒకరు చిత్తూరు షావుకారు ధనంజయ. నెల తిరక్కుండా ఆయనకు బ్యాంకు అప్పు వచ్చింది. హామీ అడగలేదు, ఆయన మగవాడు కదా. సత్రం ఆర్డరు సంగతి ఆయనకు చెప్పింది సంపత్కుమారే. "ఖాళీగా పోయే ఆర్డరు, చెప్తే తప్పేంది?" అన్నాడు చెల్లెలితో. అదే మిల్లు షెడ్డు ధనంజయ బాడుగకు తీసుకున్నాడు. అవే పీటలు, అవే కర్రలు. ఆ ఆడవాళ్ళే, ఇప్పుడు వందకింత అని కూలికి.

ఒకరోజు సంపత్కుమార్ వచ్చి నల్లేరు కొలత అడిగాడు, షావుకారు డబ్బాల మీద ఆమె పేరు వేస్తాడట. పెరుందేవి మొదటిసారి అన్నకు ఎదురు తిరిగింది. "చచ్చినా చెప్పను," అంది. గెలిచాననుకుంది. ధనంజయ నల్లేరు మానేసి సోడా వేయించాడు. సత్రంలో తిన్నవాళ్ళు ఎవరూ తేడా అడగలేదు. అంతగా దాచుకున్న కొలతకు ఆఖరుకు పట్టిన గతి అది. ఆ పద్నాలుగుమందికీ ముందే చెప్పి ఉంటే, ఆ రోజు ఆమె రాకపోయినా షెడ్డులోనే పిండి కలిసేది.

ఏడాది గడిచింది. ధనంజయ ఒత్తే మిషను తెచ్చాడు. ఏడుగురిని రావద్దన్నాడు. వాళ్ళలో శకుంతలమ్మ ఒకతె. మునెయ్య నోట ఆ మాట విన్న పూటే పెరుందేవి కొర్లగుంటకు నడిచింది. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. శకుంతలమ్మ గుడిసె ముందర కూర్చుని విస్తరాకులు కుడుతోంది. తలెత్తి చూసింది, పుల్ల గుచ్చడం ఆపలేదు.

"ఏంది మామీ, దారి తప్పినారా?"

"దేవకమ్మ ఏదీ? ఆమెతో కూడా మాట్లాడాలి."

"బంగారుపాళ్యం పోయింది. ఆడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తొక్కలు తీస్తాది. సొనకు చేతులు పుండ్లు పడినాయంట. ఆ చేతులకు నల్లేరు దురదే మేలు అని చెప్పి పంపించింది."

పెరుందేవి నేల మీద కూర్చుంది. ఆకుల నడుమ, చాప కూడా అడగకుండా. శకుంతలమ్మ చెయ్యి పట్టుకుంది.

"నావల్లే పోయింది శకుంతలా. అరుగు దిగలేకపోయాను. నన్ను క్షమించు."

శకుంతలమ్మ చెయ్యి విడిపించుకుంది. ఇంకో ఆకు పూర్తిగా కుట్టింది. పుల్లలు పక్కన పెట్టేటప్పటికి ఆమె కళ్ళలో కూడా నీళ్ళున్నాయి.

"ఒక్క మాట అడుగుతా. ఆ పొద్దు నేనెందుకు ముట్టుకోలేదు మామీ? మీరు రారని పదకొండింటికే తెలిసిపోయింది నాకు. అయినా ముట్టుకోలేదు. పద్నాలుగుమంది కడుపు కంటే మీ గంగాళమే గొప్పదయింది నాకు. నన్నెవురు సెమించాల?"

పెరుందేవి వెక్కుతూనే ఉంది.

"ఏడ్సింది చాలు," అంది శకుంతలమ్మ. "సత్రం పోయింది, అది ఇంక రాదు. దేవకమ్మ చేతులు మునుపట్లా కావు. ఇప్పుడు చేయాల్సింది చెప్తా వినండి. ఆ కొలత ఈడనే, ఇప్పుడే, ఈ వాడోళ్ళందరికీ వినపడేట్టు గట్టిగా చెప్పాల. పిండి మా రోట్లో, మా చేతుల్తో కలవాల, మీరు పక్కన కూర్సోని దంచాల. దేవకమ్మకు నేను కబురు పెడతా. సోమవారం బ్యాంకు తలుపు తీసేతలికి పదిహేనుమందీ ఆడుండాల. మీ అన్న సంతకం మాకొద్దు. ఏ మొగోడి సంతకమూ వద్దు. మా పదిహేను ఏలిముద్రలు, మా పదిహేను సంతకాలు ఉండాయి, వాటికి అప్పియ్యండి అని అడగాల. ఇయ్యనంటే ఎందుకియ్యరో కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యమనాల. రాసిచ్చేదాకా ఒక్కరు కూడా ఆ మెట్లు దిగకూడదు. మొదటి మెట్టు మీద మీరు కూర్సోవాల."